ఇట్లు, ప్రభుత్వం

2023 వానాకాలం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, ఒక బేకరీ పైన రెండో అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్‌లో పాలిటీ చెబుతుండేవాణ్ణి. ఇప్పటికీ అక్కడే చెబుతున్నాను. మారింది బేకరీవాడే. పాలిటీ అంటే ప్రభుత్వం ఎలా నడవాలని రాజ్యాంగంలో రాసుకున్నామో చెప్పే సబ్జెక్టు. ఎలా నడుస్తోందన్నది సిలబస్‌లో లేదు.

మా వృత్తి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. సర్కారు ఉద్యోగాల పరీక్షలో వచ్చే ప్రశ్నను మేం 'బిట్' అంటాం. బిట్టు గుర్తుండటానికి అల్లుకునే పిచ్చి వాక్యాన్ని 'కోడ్' అంటాం. రాజ్యాంగంలో చివరి ఆర్టికల్ నంబరు 395. మధ్యలో ఏ, బీ, సీ అంటూ తర్వాత చేరినవాటిని కలుపుకుంటే అసలు లెక్క అంతకు మించి ఉంటుంది. హైదరాబాద్ ఇంటి నంబర్లు చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

పిల్లలకు నేను ఇల్లు చూపించినట్టే రాజ్యాంగాన్ని చూపిస్తాను. భాగాలు అంతస్తులు. ఐదో భాగంలో కేంద్రం ఉంటుంది, ఆరో భాగంలో రాష్ట్రాలు. పంచాయతీలకు తొమ్మిదో భాగం. మున్సిపాలిటీలది తొమ్మిది-ఏ, అంటే కిందివాళ్లు ఎప్పుడో కాపురం పెట్టేశాక కట్టిన పెంట్‌హౌస్. చివర్లో షెడ్యూళ్లు ఉంటాయి. వాటిలో ఏడోది అన్నదమ్ముల పంపకాల కాగితం. పెద్దాయన, అంటే కేంద్రం, సైన్యం, రైళ్లు, నోట్ల ముద్రణ తీసుకున్నాడు. రాష్ట్రాల వాటాకు పోలీసులు, భూమి, శ్మశానాలు వచ్చాయి. చదువు, అడవులు, జనన మరణాల నమోదు లాంటివి ఉమ్మడిలో ఉంచుకున్నారు. ఉమ్మడిలో మాటామాటా వస్తే సాధారణంగా పెద్దాయన మాటే చెల్లుతుంది. కాగితంలో రాయడం మరిచిపోయినవన్నీ కూడా పెద్దాయనకే. వాటిని అవశిష్ట అధికారాలు అంటారు, పిల్లలు రెసిడ్యువరీ అంటారు. ఈ పాఠం చెప్పి చెప్పి, నాకు మూడు ప్రభుత్వాలూ మా మేనమామల్లా అనిపించడం మొదలైంది.

ఆ రోజు శ్రావణ సోమవారం. పొద్దుటి బ్యాచ్ అయిపోయి మెట్ల దగ్గర టీ తాగుతున్నాను. రూత్ ఫోన్ చేసింది. నాచారం పిల్ల. ఎప్పుడూ రెండో బెంచీలో కూర్చుంటుంది, క్లాసు మానదు. ఆ రోజు మానింది.

"సార్, శ్మశానాలు స్టేట్ లిస్టే కదా?"

"అవునమ్మా. రాష్ట్ర జాబితా, ఎంట్రీ పది. పన్నెండో షెడ్యూల్ ప్రకారం మున్సిపాలిటీకి కూడా అప్పగించొచ్చు. మంచి బిట్."

"మా నాయనమ్మ చనిపోయింది సార్. మా సమాధుల జాగకు పోయే గేటుకు తాళం ఉంది. బోర్డు మీద 'ఇట్లు, ప్రభుత్వం' అని రాసిన్రు. ఏ ప్రభుత్వం సార్?"

ఇన్నేళ్ల వృత్తిలో నన్నెవరూ అంత సూటి ప్రశ్న అడగలేదు. టీ గ్లాసు అక్కడే పెట్టి ఆటో ఎక్కాను.

వాళ్లుండేది నాచారంలో ఫ్యాక్టరీ షెడ్ల వెనక ఒక గల్లీలో. ఇంటి ముందు టెంటు వేశారు. లోపల ఐస్ బాక్సులో రూత్ నాయనమ్మ శాంతమ్మ పడుకుని ఉంది. జనగామ వైపు నుంచి వచ్చి, చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కల గల్లీల్లో గంప నెత్తిన పెట్టుకుని ఆకుకూరలు అమ్మిన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. రైలు పట్టాల పక్కన ఉన్న చిన్న క్రైస్తవ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ప్రతి ఏడూ సమాధుల పండుగకు శాంతమ్మ ఆ సమాధికి సున్నం వేసి, పక్కనున్న ఖాళీ జాగాను కూడా చీపురుతో ఊడ్చేదట. "ఇది నాది. ఎవ్వలకియ్యొద్దు" అని పాస్టరు గారితో సహా అందరికీ చెప్పి ఉంచిందట.

గేటు దగ్గరికి వెళ్లాం. అంతకుముందు శ్మశానానికి పట్టాల మీదుగా ఒక అడ్డదారి ఉండేది. రైల్వేవాళ్లు గోడ కట్టాక ఈ ఇనుప గేటు ఒక్కటే మిగిలింది. దానికి నా పిడికిలంత తాళం. పక్కన రేకు బోర్డు మీద ఎర్ర రంగుతో ఇలా రాసి ఉంది: 'ఇది ప్రభుత్వ స్థలము. దయచేసి చెత్త వేయరాదు. తాళము ముట్టినచో చర్య తీసుకొనబడును. ఇట్లు, ప్రభుత్వం.'

రూత్ నాన్న దేవదానం ఆ ఫ్యాక్టరీలలోనే ఒకదాంట్లో ప్యాకింగ్ మెషీన్ ఆపరేటర్. ఆయన బామ్మర్ది ప్రకాశ్ అప్పటికే ఫ్యాక్టరీ నుంచి సుత్తె తెచ్చి నిలబడ్డాడు.

"ఒక్క దెబ్బ సారు. గంతే. బావ వద్దంటుండు" అన్నాడు ప్రకాశ్.

"నీకేందిరా, నువ్వు ఒక్క దెబ్బ అంటవ్" అన్నాడు దేవదానం. "గవర్నమెంటు తాళం పలగొడితే కేసయితది. బిడ్డ గవర్నమెంటు నౌకరికి సదువుతుంది. రేపు నౌకరొచ్చినంక పోలీసోళ్లు ఇంటికొచ్చి, మీ ఇంట్ల కేసులేమన్న ఉన్నయా అని అడిగితే నేనేం జెప్పాలె? మా అమ్మ కోసం నా బిడ్డ బతుకు మీద మన్ను పొయ్యాల్నా?"

ఉద్యోగం వచ్చాక చేసే ఆ విచారణను పోలీసు వెరిఫికేషన్ అంటారు. పరీక్షకు భయపడని అభ్యర్థులు కూడా దానికి భయపడతారు. తాళం పగలగొట్టినంత మాత్రాన తండ్రి మీది కేసు కూతురి ఉద్యోగానికి అడ్డం వస్తుందా రాదా అన్నది వేరే చర్చ. ఇంట్లో ఐస్ బాక్సు ఉండగా ఆ చర్చ పెట్టేంత పాండిత్యం నాకు లేదు.

బంధువుల్లో ఒకాయన అన్నోజిగూడ అవతల వాళ్ల చర్చికి జాగా ఉందని, అక్కడికి తీసుకుపోదామని అన్నాడు. రూత్ అంది, "నాయనమ్మ ఊడ్చుకున్న జాగ ఇక్కడుంది కదా పెదనాన్నా."

పాస్టరు గారు సాయంత్రం నాలుగింటికి వస్తారు. ఆ లోపల ఆ తాళం ఏ ప్రభుత్వానిదో తేలాలి. నేను, రూత్, దేవదానం ఆటోలో బయలుదేరాం. నా ఏడో షెడ్యూల్‌కు అది మొదటి ప్రాక్టికల్ పరీక్ష.

ముందు రైల్వే. కేంద్ర జాబితా, ఎంట్రీ ఇరవై రెండు. స్టేషన్ పక్క ఆఫీసులో ఒక ఇంజినీరు రెయిన్‌కోటు విప్పుతూ మా మాట శ్రద్ధగా విన్నాడు.

"గోడ మాది. గేటు గోడకు ఇవతల ఉంది కదా, అది మాది కాదు సార్. మేం తాళమేస్తే దానికి సీలుంటది, సీలు మీద నంబరుంటది. ఊరికే తాళమెయ్యడం మాకు చేతగాదు."

"మరి పగలగొట్టుకోవచ్చా?"

"మాది కాని తాళాన్ని పగలగొట్టుకోమని నేనెట్ల చెప్తా?"

ఆ వాదనలో తప్పు కనిపించక బయటికొచ్చాం.

తర్వాత తాసిల్దారు ఆఫీసు. భూమి రాష్ట్ర జాబితా. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మ్యాపు తెరిచి ఒక చోట వేలు పెట్టింది. "భూమి మాదే. శ్మశానమని రికార్డుల ఉంది. కానీ తాళం మాది గాదు. మేం తాళాలు వెయ్యమండి, బోర్డులు పెడతం. బోర్డు మీద సర్వే నంబరు రాస్తం. ఉందా?"

"లేదు మేడమ్" అంది రూత్.

"అయితే మాది గాదు. ఏ ప్రభుత్వమని రాసిన్రు?"

"ఉట్టి ప్రభుత్వం అని రాసిన్రు మేడమ్."

ఆవిడ మ్యాపు మడిచింది. "గట్ల మేం రాయం" అంది, కొంచెం నొచ్చుకున్నట్టే.

మూడోది మున్సిపల్ ఆఫీసు. అక్కడి అసిస్టెంట్ ఇంజినీరు వానకు పొంగిన నాలా గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే మాకు కుర్చీలు చూపించాడు. "శ్మశానం మెయింటెనెన్స్ మాదే సార్. తాళం మాది గాదు. తాళమేస్తే తీసెటందుకు మనిషిని పెట్టాలె. గంత మంది మనుషులుంటే నేను ఈ ఫోన్లెందుకు ఎత్తుత?" అన్నాడు. తర్వాత దేవదానం వైపు తిరిగి, "మీ అమ్మగారా? అయ్యో" అని, గుంత తవ్వే మనిషిని పంపమంటారా అని అడిగాడు. గుంతకు మనుషులున్నారని, గేటే తెరుచుకోవడం లేదని దేవదానం చెప్పాడు.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ రోజు మమ్మల్ని ఎవరూ కసురుకోలేదు, తిప్పించలేదు. ముగ్గురూ నిజమే చెప్పారు. కేంద్రం, రాష్ట్రం, స్థానిక ప్రభుత్వం మూడూ ఒకే మాట మీద నిలబడటం నా సర్వీసులో అదే మొదటిసారి. మా దురదృష్టం కొద్దీ ఆ మాట 'మాది కాదు' అన్నది.

వాన జోరైంది. బయట ఒక టీ బండి దగ్గర రేకు కింద నిలబడ్డాం. దేవదానం ఫోన్ తీసి అన్నోజిగూడ బంధువు నంబరు వెతుకుతున్నాడు. రూత్ మెల్లగా అడిగింది.

"సార్, మూడు లిస్టుల్లో లేకపోతే రెసిడ్యువరీ అంటారు కదా. అది సెంటర్‌కు పోతది కదా."

"పోతుందమ్మా. కానీ సెంటర్ ఢిల్లీలో ఉంది. పాస్టరు గారు నాలుగింటికి వస్తారు."

ఆ పిల్ల నవ్వింది. పొద్దుట్నుంచి అదే మొదలు. నవ్వి, వెంటనే ఏడ్చేసింది. దేవదానం ఫోన్ జేబులో పెట్టుకుని కూతురి తల మీద చెయ్యి వేశాడు. నేను టీ బండి మీది బిస్కెట్ల సీసా వైపు చూశాను. దాని మీద కాగితం అంటించి ఉంది: 'దయచేసి సీసా ముట్టరాదు.'

దయచేసి.

వృత్తి రీత్యా నేను చదివినన్ని ప్రభుత్వ ప్రకటనలు మామూలు మనుషులు చదవరు. రైల్వే హెచ్చరిస్తుంది. రెవెన్యూ సర్వే నంబరు వేస్తుంది. మున్సిపాలిటీ జరిమానా చెబుతుంది. ఏ చట్టం, ఏ సెక్షను అన్నది కింద ఉంటుంది, ఏ అధికారి అన్నది ఇంకా కింద ఉంటుంది. గేటు దగ్గరి బోర్డు మీద చట్టం లేదు, సెక్షను లేదు, అధికారి లేడు. మర్యాద మాత్రం ఉంది. అధికారం ఉన్నవాడు 'దయచేసి' దగ్గర మొదలుపెట్టి 'ఇట్లు' దగ్గర ముగించడు. అలా రాసేది టీ బండివాళ్లు, పెళ్లి శుభలేఖలవాళ్లు, మనలాంటివాళ్లు.

"దేవదానం గారూ, అది ఏ ప్రభుత్వం తాళమూ కాదు. ఎవరో మనిషి వేసిన తాళం."

"గట్లయితే ఆ మనిషి కేసు పెడ్తడు కద సారు?"

"పెడితే పెడతాడు. పగలగొట్టేది మీరు కాదు కదా."

"మరెవరు?"

"నేను. నాకు పోలీసు వెరిఫికేషన్ జరిగే ప్రమాదం లేదు. వయోపరిమితి దాటి చాలా కాలమైంది."

ఇది త్యాగమని ఎవరైనా అనుకుంటే నాకు అభ్యంతరం లేదు గానీ, నిజానికి వయోపరిమితి దాటినవాడికి ఈ దేశంలో ఒక రకమైన స్వేచ్ఛ ఉంటుంది. దాన్ని వాడుకునే అవకాశం అంతవరకు రాలేదు, అంతే.

మళ్లీ గేటు దగ్గరికి వచ్చాక ప్రకాశ్ సుత్తె నా చేతికిచ్చాడు. తాళం ఒక్క దెబ్బకు విరుగుతుందన్న ఆయన అంచనా ఆయన చేతిని బట్టి వేసుకున్నది. నా మొదటి దెబ్బ గేటుకు తగిలింది. రెండోది బోర్డుకు.

"సారు, గట్ల గాదు. కొక్కెం మీద కొట్టుర్రి."

"కొక్కెం మీదే కొడుతున్నా."

"కొక్కెం కింద కొడుతున్రు సారు. మీకు చాక్‌పీసే నయం."

చివరికి విరిగింది. గేటు తోస్తే కిర్రుమని తెరుచుకుంది. లోపల గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది, తెల్లటి సిలువలు తడిసి ఉన్నాయి. ఒక సమాధి పక్కన జాగా మాత్రం చదునుగా ఉంది. గుంత తవ్వేవాళ్లు అక్కడే పలుగు వేశారు.

నాలుగు దాటాక శవపేటికను భుజాల మీద మోసుకొచ్చారు. ముందు పాస్టరు గారు, వెనక గొడుగులు, కీర్తన. సరిగ్గా గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక స్కూటరు బురద చిమ్ముతూ వచ్చి ఆగింది. నుదుటి మీద విభూతి, హ్యాండిల్‌కు ప్రసాదం సంచి. ఆయన్ను నేనెరుగను. మిగతావాళ్లెరుగుదురు. కాలనీలో మంచినీళ్ల క్యాన్ల ప్లాంటు నడిపే యాదగిరి. పొద్దున్నే కీసరగుట్ట శివుడి దర్శనానికి వెళ్లి, క్యూలో నిలబడి, అప్పుడే వస్తున్నాడు.

"ఎవడ్రా నా తాళం పలగొట్టింది?"

కీర్తన ఆగిపోయింది. నా చేతిలో సుత్తె ఇంకా అలాగే ఉంది కాబట్టి దర్యాప్తు ఎక్కువసేపు సాగలేదు.

"నేనే. మీ తాళమా ఇది?" అన్నాను.

"నాది గాకుంటే నీదా? నా పైసల్తోని కొన్న తాళం!"

"మరి బోర్డు మీద ప్రభుత్వం అని ఉంది?"

యాదగిరి బోర్డు వైపు చూశాడు. నా దెబ్బకు అది ఒక మూల సొట్టబోయింది.

"ఇట్లు యాదగిరి అని రాస్తే ఎవడన్న ఇంటడా సారు?" అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి. "రాత్రి పూట టిప్పర్లు దెచ్చి చెత్త గుమ్మరిస్తున్రు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాంక పోతే డీజిల్ ఖర్సని ఈడ్నే పారేస్తున్రు. సమాధుల మీద గూడ ఏసిన్రు. అడిగితే, నువ్వెవడివి అన్నరు. అందుకే గవర్నమెంటని రాయించిన. ఆనాటి సంది ఒక్క బండి రాలే."

ఆ మాట నిజమే. గేటు చుట్టూ ఎక్కడా చెత్త లేదు. మూడు ప్రభుత్వాలకు చేతకాని పనిని నాలుగో ప్రభుత్వం ఒక డబ్బా ఎర్ర రంగుతో చేసింది.

"తాళం చెవి ఎవరికన్న ఇచ్చిపోవచ్చు గదా అన్నా?" అన్నాడు దేవదానం. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "పొద్దుగాల్నుంచి తిరిగినం. మా అమ్మ."

యాదగిరి అప్పుడు పేటిక వైపు చూశాడు. దాని మీద పెట్టిన ఫోటో చూశాడు.

"గీమె శాంతమ్మ గాదు? కూరగంపామె?" అన్నాడు. "మా ఇంటికే వస్తుండె. పైసలు లేనినాడు గూడ పాలకూర ఇచ్చిపోతుండె. అయ్యో, నాకెవరూ జెప్పకపోతిరి గదరా."

బోర్డు మీద ఆయన పేరుంటే చెప్పేవాళ్లమే. యాదగిరి చెప్పులు విప్పి స్కూటరు పక్కన పెట్టాడు. తుప్పు పట్టి కదలని గేటు రెండో రెక్కను భుజంతో నెట్టి తెరిచాడు. మోస్తున్నవాళ్లలో ఒకరి కాలు బురదలో జారబోతే తాను భుజం పట్టాడు. విభూతితోనే లోపలిదాకా మోశాడు. శాంతమ్మ ఊడ్చుకున్న జాగాలో ఆమెను దించారు. అందరితో పాటు యాదగిరి కూడా పిడికెడు మన్ను వేశాడు.

వారం తిరక్కుండా గేటుకు కొత్త తాళం పడింది. దానికి మూడు తాళం చెవులు వచ్చాయి. నాలాంటివాడికి ఇంతకన్నా ఏం కావాలి? పంపకాలు నేనే చేశాను. ఒకటి కాలనీ తరఫున యాదగిరికి, ఒకటి పాస్టరు గారికి. మూడోది మూల మీది టీ కొట్టులో మేకుకు తగిలించాం, అది ఉమ్మడి జాబితా. రాజ్యాంగంలో ఉమ్మడి విషయంలో తేడా వస్తే ఎవరి మాట చెల్లాలో రాసి ఉందని, మనమూ ఒకటి అనుకుంటే మంచిదని నేను గంభీరంగా అన్నాను.

"గండ్ల అనుకునేదేముంది సారు?" అన్నాడు యాదగిరి. "ఎవరి భుజం మీద మనిషుంటే ఆళ్లది."

ఆ తేడాల సంగతి తేల్చే ఆర్టికల్ 254 చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ముందు ఈ మాటే గుర్తొస్తుంది. పరీక్షలో రాస్తే మార్కులు పడవు కాబట్టి పిల్లలకు చెప్పను.

బోర్డు సొట్ట తీయించి మళ్లీ రంగు వేయించారు. 'దయచేసి' అలాగే ఉంది. కింద 'ఇట్లు, కాలనీవాసులు' అని మార్చారు. టిప్పర్లు మళ్లీ వస్తాయేమోనని యాదగిరి భయపడ్డాడు గానీ రాలేదు. కింద సంతకం ఎవరిదో వాళ్లు చదివే రకం కాదనుకుంటాను, ఎరుపు చూస్తే చాలు.

రూత్‌కు తర్వాత ఉద్యోగం వచ్చింది. వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ ఆ గల్లీకి వచ్చి, పిల్ల గురించి, కుటుంబం గురించి ఇరుగుపొరుగును అడిగాడట. కాలనీ తరఫున మాట్లాడింది యాదగిరి. "కేసులా? గా ఇంట్ల? తాళం ముట్టాల్నంటే గూడ మూడు ఆఫీసులల్ల అడిగొచ్చే మనుషులు సారు ఆళ్లు" అన్నాడట. కానిస్టేబుల్‌కు అర్థం కాకపోయినా రాసుకుని వెళ్లాడట.

ఆ రోజు నాకు నేర్పింది చిన్న విషయమే. అధికారాన్ని ఎవరెవరికి పంచారో ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. ఎదుటివాడు అధికారం చూపించినప్పుడు, అది ఎవరిదని అడగాలన్నది మాత్రం నా దగ్గర చదువుకున్న పిల్లే నాకు ఫోన్ చేసి గుర్తు చేసింది. అప్పటి నుంచి ఏడో షెడ్యూల్ మొదలుపెట్టే రోజున ముందు బోర్డు మీద 'ఇట్లు, ప్రభుత్వం' అని రాస్తాను. కొత్త బ్యాచ్ దాన్ని బుద్ధిగా నోట్సులో రాసుకుంటుంది. ఎవరో ఒకరు తలెత్తి "ఏ ప్రభుత్వం సార్?" అని అడిగేదాకా పాఠం మొదలుపెట్టను. కొన్ని బ్యాచ్‌లలో చాలాసేపు ఆగాల్సి వస్తుంది.

ప్రకాశ్ ఆ సుత్తెను మళ్లీ తీసుకెళ్లలేదు. నా బల్ల కిందే ఉంది. వయోపరిమితి ఇంకాస్త దాటింది కాబట్టి, దాన్ని వాడే అర్హత ఇప్పుడు నాకు మునుపటికన్నా ఎక్కువ.